సాంచెల చప్పుడులో పిల్లల మాట

(సమాఖ్య వార్షికోత్సవ మహిళా సదస్సులో చేసిన ప్రసంగం)

చదివేది మాలో ఒకరే గాని మాట ముగ్గురిదీ.

మేము షోలాపూర్ పూర్వభాగం వాళ్ళం. మా తాతముత్తాతలు తెలంగాణ పల్లెల నుంచి మిల్లు పనులకని ఇక్కడికి వచ్చి ఇక్కడే నిలిచిపోయినవాళ్ళు. ఇళ్ళల్లో మగవాళ్ళు సాంచెల మీద చద్దర్లు, టవళ్ళు నేస్తారు. ఆడవాళ్ళు బీడీలు చుడతారు. మేము పదిహేడేళ్ళుగా మా పేటలో ఒక చిన్న బాల్వాడీ నడుపుతున్నాం. మేము డాక్టర్లం కాదు, ప్రొఫెసర్లం కాదు. చూసింది చెప్తాం, చదివి తెలుసుకున్నది కొంత చెప్తాం, మేము చేసిన ఒక తప్పు గురించి కూడా చెప్తాం.

"పిల్లల చదువు గురించి మాట్లాడండి" అని కార్యదర్శిగారు అన్నప్పుడు అందరూ ట్యూషన్లూ, ఇంగ్లీషు మీడియమూ, స్కాలర్‌షిప్పులూ అనుకున్నారు. ఆ మాటలు చెప్పడానికి మగవాళ్ళ సభ ఎలాగూ ఉంది. మేము మాట్లాడదల్చుకున్నది బడి గేటు తొక్కకముందు సంగతి. పుట్టినప్పటి నుంచి మూడున్నరేళ్ళ దాకా, ఇంట్లో, మగ్గం పక్కన, బీడీ చాట పక్కన పిల్లకు మాట ఎట్లా వస్తుంది, ఎందుకు రాదు అన్న సంగతి.

ముందు ఆ తప్పు గురించే చెప్తాం. చాలా ఏళ్ళ కిందటిది. మా గల్లీలో ఒక ఇల్లు. ముందు గదిలో నాలుగు సాంచెలు, వెనక వంట, పైన అటకలాంటి గది. ఆ ఇంటి కోడలు రెండేళ్ళు దాటిన కొడుకును తీసుకొని మా దగ్గరికి వచ్చింది. "అక్కా, వీడింకా అమ్మా అంటలేడు" అంది. పిల్లాడు చూడ్డానికి బాగున్నాడు. కళ్ళు చురుకు. చెయ్యి ఊపితే వచ్చాడు, పేలాలు ఇస్తే నవ్వాడు. అప్పుడు మేమేమన్నామో ఇప్పటికీ మాకు గుర్తే. "ఏం గాదు బిడ్డా, వాళ్ళ నాయన గూడ లేటుగనే మాట్లాడిండట గద, మగపిల్లలు జర ఆలస్యంగనే మాట్లాడ్తరు." అత్తగారు కూడా అదే చెప్పింది. కోడలు తలూపి వెళ్ళిపోయింది.

మూడేళ్ళు దాటాక అదే పిల్లాడు మా బాల్వాడీకి వచ్చాడు. మా గది సాంచెలకు దూరం, కొంచెం నిశ్శబ్దంగా ఉంటుంది. ఒకనాడు మధ్యాహ్నం స్టీలు పళ్ళేల దొంతర చెయ్యి జారి బండ మీద పడింది. గదిలో పిల్లలంతా ఉలిక్కిపడ్డారు, ఇద్దరు ఏడ్చారు. వాడు మాత్రం తల ఎత్తకుండా మట్టి బొమ్మకు ముక్కు పెడుతూ కూర్చున్నాడు. మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాం, చప్పట్లు కొట్టాం. వాడికి వినబడడం లేదు.

పెద్దాసుపత్రిలో పరీక్ష చేస్తే రెండు చెవులకూ తీవ్రమైన లోపమని తేలింది. చెవి మిషన్లు పెట్టారు, మాట నేర్పే టీచరు దగ్గరికి వారానికి రెండుసార్లు తిప్పారు. వాడిప్పుడు బడికి పోతున్నాడు, మాట్లాడుతున్నాడు కూడా. కానీ కొన్ని అక్షరాలు స్పష్టంగా పలకవు, కొత్తవాళ్ళకు వాడి మాట అర్థం కాదు. ఏడాది ముందే ఆ తల్లితో "చెవి చూపించమ్మా" అని ఉంటే వాడికి ఒక ఏడాది మిగిలేది. ఆ ఏడాది పోవడం మా వల్ల. ఈ సంగతి మేము ఏ సభలోనూ దాచలేదు.

మరి ఇంట్లో అంతమంది ఉండి మూడేళ్ళ దాకా ఎవరికీ ఎందుకు తెలియలేదు? తర్వాత మేము దీని గురించి చాలా ఆలోచించాం. సాంచెల షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్స్ దాటుతుంది. ఆ చప్పుడులో ఎవరూ మాటలతో పని చేసుకోరు. చెయ్యి ఊపితే రమ్మని, బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్ళని, నాలుగు వేళ్ళు కలిపితే తిండికని అర్థం. మన ఇళ్ళల్లో చెవులు బాగున్నవాళ్ళు కూడా సగం సైగలతోనే బతుకుతాం. అలాంటి ఇంట్లో వినబడని పిల్లాడు, వినబడే పిల్లాడు ఒకేలా కనిపిస్తారు. పైగా పుట్టు చెవుడున్న పిల్లలు కూడా మొదటి నెలల్లో అందరిలాగే ఊ కొడతారు, కూనిరాగాలు తీస్తారు. అది చూసి మనం మోసపోతాం. తర్వాత ఆ గొంతు మెల్లగా తగ్గిపోవడం మాత్రం ఎవరికీ పట్టదు.

అందుకని కొన్ని గుర్తులు చెప్తాం, మనసులో పెట్టుకోండి. పుట్టిన పిల్ల గట్టి చప్పుడుకు ఉలిక్కిపడాలి. ఆరు నెలలకు చప్పుడు వచ్చిన వైపు తల తిప్పాలి. తొమ్మిది పది నెలలకు బబ్బబ్బ, దద్దద్ద అని ఒకే అక్షరం దొర్లించాలి. ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే చూడాలి, కావలసింది వేలుతో చూపాలి, ఒకటో రెండో మాటలు అనాలి. రెండేళ్ళకు రెండు మాటలు కలపాలి. "అమ్మా బువ్వ", "నాన బండి" లాంటివి చాలు. నాలుగు రోజులు అటూ ఇటూ అయితే కంగారు పడక్కర్లేదు. కానీ రెండేళ్ళకు కూడా మాటలు కలపకపోతే, లేదా వచ్చిన మాటలు పోతుంటే, లేదా పిల్ల కళ్ళలోకి చూడక, వేలు చూపక తన లోకంలో తాను ఉంటుంటే "ఆగండి" అనేవాళ్ళ మాట వినకండి. మేము చెప్పినా వినకండి.

పుట్టిన బిడ్డకు కూడా చెవి పరీక్ష చేయవచ్చు. నెల లోపల ఒక పరీక్ష, అనుమానం ఉంటే మూడు నెలల లోపల నిర్ధారణ, ఆరు నెలల లోపల మిషనో చికిత్సో మొదలు కావాలన్నది చెవి డాక్టర్లు పెట్టుకున్న లెక్క. బెరా అనే పరీక్ష పిల్ల నిద్రపోతుండగానే చేస్తారు, సూది పోటు ఉండదు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల జట్టు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లల్ని చూస్తుంది. వాళ్ళు చూసే జబ్బుల్లో పుట్టు చెవుడూ ఒకటి, మాట ఆలస్యమూ ఒకటి. ఆ రోజు బీడీ ఖాతా ఉందని, సరుకు ఇచ్చేది ఉందని పిల్లను ఇంట్లో ఉంచేయకండి. పెద్ద పరీక్షలు కావలసినవాళ్ళకు ముంబైలో, సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ఉంది. కర్ణాటక, తమిళనాడు వాళ్ళకు మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దగ్గర.

ఇంకొక మాట. ఇది చెప్తే కొందరు పెద్దలకు కోపం వస్తుంది. మన ఇళ్ళల్లో మేనరికాలు ఎక్కువ. అక్క కూతుర్ని, మేనత్త కొడుకును చేసుకున్న ఇళ్ళల్లో పుట్టు చెవుడు వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువ. అయిన పెళ్ళిని ఎవరూ వెనక్కి తిప్పలేరు, తిప్పమని మేము అనడం లేదు. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ నెల తిరగకముందే చెవి పరీక్ష చేయించండి అంటున్నాం. అలాగే చెవిలో గోరువెచ్చని నూనె పోయడం, పిన్నీసుతో గులిమి తీయడం మానండి. చీము కారితే "పళ్ళొస్తున్నాయి, అదే తగ్గుతుంది" అనకండి. మాటిమాటికీ చెవి కారే పిల్లకు మాట సగమే వినబడుతుంది. సగం విన్న పిల్ల సగమే మాట్లాడుతుంది.

చెవులు బాగున్న పిల్లల సంగతికి వద్దాం. వాళ్ళే ఎక్కువమంది గదా.

మా బాల్వాడీకి మూడేళ్ళ పిల్లలు వచ్చిన మొదటి వారంలో ఒక పని చేస్తాం. ఒక్కొక్కరినీ ఒళ్ళో కూర్చోబెట్టుకొని "పొద్దున ఏం చేశావు?" అని అడుగుతాం. కొందరు "లేచిన, చాయ్ తాగిన, బాపు కొట్టిండు, కుక్క వచ్చింది" అని ఆపకుండా చెప్తారు. కొందరు మా మొహం చూస్తూ కూర్చుంటారు. వాళ్ళకు తెలివి తక్కువేం కాదు. వాళ్ళను ఎవరూ ఇంతవరకు ఏమీ అడగలేదు, అంతే. రోజంతా వాళ్ళు విన్న మాటలు లెక్కపెడితే రా, పో, తిను, కూసో, ముట్టకు, పండుకో. ఇవన్నీ హుకుములే. హుకుముకు జవాబు మాట కాదు, పని. పిల్ల పని చేస్తుంది గాని మాట నేర్చుకోదు.

ఇందులో తల్లుల తప్పేం లేదు. చప్పుడులో పెద్ద మాటలు చెప్పలేం. చిన్న మాట అరిచి చెప్తాం, అరిచేది హుకుమే అవుతుంది. ఇంకొకటి కూడా ఉంది. ముప్పై ఏళ్ళు సాంచెల మధ్య బతికిన తాతకు, నాయనకు వినికిడి తగ్గి ఉంటుంది. వాళ్ళకే తెలియకుండా తగ్గుతుంది. పిల్ల సన్నటి గొంతుతో ఏదో చెప్తుంది, ఆయన "ఆఁ? ఏంది? గట్టిగ చెప్పు" అంటాడు. మూడోసారికి పిల్ల విసిగి వెళ్ళిపోతుంది. ఆయన "ఇది సరిగ్గా మాట్లాడదు" అంటాడు. మాట పిల్లదీ, లోటు ఆయన చెవిదీ. చెవుల పరీక్ష పెద్దవాళ్ళకు కూడా అవసరమేనని మేము అనడం అందుకే.

మరి ఏం చెయ్యాలి? సాంచెలు ఆపమని మేము చెప్పలేం, ఆపితే పొయ్యి వెలగదు. కానీ ప్రతి ఇంట్లోనూ సాంచెలు ఆగే వేళ ఒకటి ఉంటుంది. భీము మార్చేటప్పుడు, షిఫ్టు మారేటప్పుడు, కరెంటు పోయినప్పుడు. మా చిన్నతనంలో గంటల తరబడి కరెంటు పోయేది. మగవాళ్ళు తిట్టుకుంటూ బయట అరుగుల మీద కూర్చునేవాళ్ళు. అప్పుడు గల్లీ అంతా ఒక్కసారిగా మెత్తబడేది. నాయనమ్మల కథలన్నీ మేము విన్నది ఆ చీకట్లోనే. పనికి నష్టం వచ్చిన ఆ గంటల్లోనే మాకు మాట వచ్చింది. ఇప్పుడు కరెంటు బాగా ఉంటోంది, సంతోషమే. అందుకే ఆ వేళను మనమే వెతుక్కోవాలి. స్నానం పోసే వేళ, జడ వేసే వేళ, అన్నం పెట్టే వేళ, పడుకోబెట్టే వేళ. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి సాంచెల గదికి దూరంగా, తలుపు వేసుకొని జరిగేట్టు చూడండి. అంత కూడా వీలుకాని ఒంటి గది ఇళ్ళున్నాయి, మాకు తెలుసు. అలాంటి ఇంటి తల్లి ఒకామె రోజూ సాయంత్రం పిల్లను ఎత్తుకొని గుడి అరుగు దాకా వెళ్ళి పావుగంట కూర్చొని వచ్చేది. పావుగంటే. ఆ పిల్ల మాట చూస్తే మీరు ముచ్చటపడతారు.

మాట్లాడటమంటే ఏం మాట్లాడాలి అని అడుగుతారు కొత్త తల్లులు. మీరు చేస్తున్న పనే చెప్పండి. "ఇగో బియ్యం కడుగుతున్న. నీళ్ళు తెల్లగైనయి చూడు. ఇప్పుడు పారబోస్త." పిల్లకు అర్థమవుతుందా అని ఆలోచించకండి. బిడ్డ కడుపులో ఉన్న చివరి నెలల్లోనే తల్లి గొంతు వింటుంది, పుట్టిన రోజుల్లోనే ఆ గొంతును గుర్తుపడుతుంది. ఊ అంటే మీరూ ఊ అనండి. ఏదైనా అడిగాక ఆగండి. మనం ఆగం, అదే మన లోపం. "ఏం కావాలె? పాలా? ఇగో తాగు" అని ప్రశ్నా జవాబూ మనమే చెప్పేస్తాం. అడిగిన తర్వాత మనసులో అయిదు దాకా లెక్కపెట్టండి. ఆ అయిదు లెక్కల్లో పిల్ల ఒక చూపో, ఒక వేలో, ఒక శబ్దమో మీ వైపు పంపుతుంది. దాన్ని అందుకొని మళ్ళీ ఒక మాట పంపండి. నాడె ఒక్క వైపే పోతే బట్ట కాదు గదా, తిరిగి రావాలి.

బీడీ చుట్టే తల్లులకు ఒక సౌకర్యం ఉంది. చేతులు ఖాళీ ఉండవు గాని నోరు ఖాళీ. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి పెద్ద ఆకు, చిన్న ఆకు, చిరిగిన ఆకు అని చెప్పొచ్చు. కట్టకు పాతిక, నాలుగు కట్టలు వంద. మా పేటలో పలక పట్టకముందే పాతిక, యాభై, డెబ్బై అయిదు, వంద అని గడగడా చెప్పే పిల్లలున్నారు. కానీ ఇక్కడే మాకు ఒక ఇబ్బంది. తంబాకు దుమ్ము పిల్లల ఊపిరికి మంచిది కాదు. చాట పక్కన కూర్చోబెట్టుకోండి అని మేము చెప్పలేం. గుమ్మం అవతల, గాలి తగిలేచోట కూర్చోబెట్టి మాట్లాడండి, తంబాకు చేతులు కడుక్కోకుండా పిల్లను ఎత్తుకోకండి అని మాత్రం చెప్తాం. ఈ చిక్కుకు ఇంతకంటే మంచి దారి మాకు దొరకలేదు.

చేమగ్గాల ఇళ్ళవాళ్ళు, బరంపురం పట్టు నేసేవాళ్ళు, సేలం వైపువాళ్ళు మాకంటే అదృష్టవంతులు. చేమగ్గం చప్పుడులో మాట వినబడుతుంది. మీ ఇంట్లో ఉన్నన్ని బొమ్మలు ఏ దుకాణంలోనూ లేవు. నూలు చిలపలు రంగులు నేర్పుతాయి, ఖాళీ కండెలు వరుస పెట్టడానికి ఉంటాయి, రాట్నం తిరగడం, ఆగడం చూపిస్తుంది. పడుగు, పేక, అచ్చు, నాడె, ఆసు అనే మాటలు బడి పుస్తకాల్లో ఉండవు. మీరు చెప్పకపోతే పిల్లలకు ఇంకెవరూ చెప్పరు. మార్కండేయుడి కథ, భావనారుషి తామరతూడు దారంతో దేవతలకు బట్ట నేసిన కథ, దేవాంగుల ఇళ్ళల్లో దేవల మహర్షి కథ, ఇవి ఏడాదికోసారి స్టేజీ మీద చెప్పి వదిలేయకండి. షోలాపూర్‌లో నారళీ పున్నమినాడు మార్కండేయ రథం కదిలేటప్పుడు భుజాల మీద ఎక్కిన పిల్లలు "రథంల ఎవరున్నరు? ఎక్కడికి పోతున్నరు?" అని ఊదరగొడతారు. అప్పుడు "నోర్మూసుకొని దండం పెట్టు" అనకుండా కథ చెప్పండి.

ఇక భాష సంగతి. ఇదే అన్నిటికంటే ఎక్కువ అడుగుతారు. ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, టీవీలో హిందీ, బడిలో ఇంగ్లీషు. మీ ఊళ్ళల్లో మరాఠీ స్థానంలో కన్నడమో, తమిళమో, ఒడియానో. "ఇన్ని భాషల వల్లే పిల్లకు మాట రాలేదా? తెలుగు మానేయమంటారా?" అని తల్లులు భయంగా అడుగుతారు. రెండు మూడు భాషలు వినడం వల్ల ఏ పిల్లకూ మాట ఆగదు. ఒకే మాటలో రెండు భాషలు కలిపితే అది గందరగోళం కాదు. మన పెద్దవాళ్ళం కలపడం లేదా? పిల్లకు ఎన్ని మాటలు వచ్చో లెక్కపెట్టేటప్పుడు తెలుగువీ మరాఠీవీ కలిపి లెక్కపెట్టాలి. నిజంగా మాట ఆలస్యమైతే కారణం చెవిలోనో, మరెక్కడో వెతకాలి. తెలుగు మీద నెపం పెడితే అసలు కారణం దొరక్క ఆలస్యమవుతుంది.

మేము చూసిన ఒక ఇల్లు చెప్తాం. మూడేళ్ళ పాపను ఒక ఇంగ్లీషు బడిలో చేర్చడానికి తీసుకెళ్తే అక్కడివాళ్ళు "ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడండి" అన్నారట. తల్లి ఎనిమిదో తరగతి, తండ్రి పది. చెప్పింది చెప్పినట్టు పాటించారు. ఇంట్లో కమ్, సిట్, ఈట్, నో, డోంట్ టచ్ మిగిలాయి. ఇంగ్లీషు రాని నాయనమ్మ పాపతో మాట్లాడడమే మానేసింది, తన వల్ల పిల్ల చదువు చెడుతుందని. రాత్రి కథ పోయింది. ఎందుకు, ఎట్లా, తర్వాత ఏమైంది అన్న ప్రశ్నలు పోయాయి. ఆర్నెల్లకు పాపకు ఇంగ్లీషు రాలేదు, తెలుగు తగ్గింది. నాయనమ్మ మా దగ్గరికి వచ్చి కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది, "ఇంట్ల మనిషినే గాని మూగదాన్నైన". మేము ఆ తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి ఒకే మాట చెప్పాం. మీకు బాగా వచ్చిన భాషలో మాట్లాడండి. ఏ భాషలో మీరు కోప్పడతారో, నవ్విస్తారో, కథ చెప్తారో ఆ భాషలో. ఇంగ్లీషు నేర్పే పని బడిది, ఫీజు తీసుకునేది దానికే.

ఏ మీడియంలో చేర్చాలన్నది మీ ఇష్టం. ఆ తగాదా ఈ సభలో వద్దు. అయినా బడి భాష ఏదైనా ఇంటి భాషలో గట్టిపడ్డ పిల్ల దాన్ని త్వరగా అందుకుంటుందన్నది మేము మా గదిలో ఏటా చూస్తున్నాం. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనంతవరకు కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే చదువు ఉండాలంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించాలని 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. బరంపురం నుంచి వచ్చిన అన్నలకు పర్లాకిమిడి తెలుసు. అక్కడ ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తిగారు సవర పిల్లలకు వాళ్ళ సవర భాషలోనే చదువు చెప్పాలని తాను ఆ భాష నేర్చుకొని, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. తెలుగు కోసం అంత పోరాడిన మనిషి సవర పిల్లలకు మొదట తెలుగు నేర్పండి అనలేదు. దీని గురించి మేము అప్పుడప్పుడూ మాట్లాడుకుంటూ ఉంటాం.

యానాంలో బడిలోనే తెలుగు ఉంది, వాళ్ళకు ఈ బాధ తక్కువ. తమిళనాడులో 2006 చట్టం వచ్చాక బడిలో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవలసిందే, ఉన్న ఊరి భాష అన్నం పెట్టే భాష. కానీ అక్కడ మన పిల్లకు తెలుగు వినబడే చోటు దాదాపు ఇల్లొక్కటే. ఇంట్లో మానేస్తే ఇంకెక్కడా లేదు.

"మా తెలుగు మంచి తెలుగు కాదు, అందుకే నేర్పం" అనేవాళ్ళున్నారు. హైదరాబాదు పెళ్ళికి పోతే మన పిల్లల మాట విని నవ్వుతారు. మరాఠీ కలిసిందనీ, యాస తేడాగా ఉందనీ. నవ్వనివ్వండి. నూరేళ్ళు పరాయి గడ్డ మీద నిలిచిన తెలుగు మనది. ఆ తెలుగులోనే మన నాయనమ్మలు వంద కథలు చెప్పారు. నవ్వేవాళ్ళకు ఆ కథలు వచ్చేమో అడగండి.

ఫోను గురించి అందరూ తిడుతూనే ఉంటారు, మేము ఎక్కువ చెప్పం. రెండేళ్ళలోపు పిల్లలకు ఫోను, టీవీ అసలు వద్దనీ, అయిదేళ్ళ దాకా రోజుకు గంట మించకూడదనీ మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం చెప్తోంది. కారణం తేలికే. ఫోను మాట్లాడుతుంది గాని పిల్ల చెప్పింది వినదు, ఆగదు, జవాబివ్వదు. ఊళ్ళో ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్ వేరు, అవతల మనిషి ఉంది. ఈ తిట్లన్నీ తల్లులకే తగులుతున్నాయి, అది మాకు నచ్చదు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టి, వంట చేసి, నీళ్ళు పట్టే మనిషి పిల్ల చేతిలో పది నిమిషాలు ఫోను పెట్టిందంటే దానికి కారణం ఆమె బద్ధకం కాదు. ఇంట్లో ఇంకో మనిషి చెయ్యి కలపలేదు.

కాబట్టి అన్నలారా, ఈ మాట మీకు. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చిన మనిషికి ఒళ్ళు హూనమై ఉంటుంది, మా ఇళ్ళల్లోనూ చూస్తున్నాం. చెవుల్లో ఇంకా చప్పుడు మోగుతూ ఉంటుంది. అయినా స్నానం చేసి, చాయ్ తాగి, పిల్లను ఒళ్ళో వేసుకొని పది నిమిషాలు ఆ రోజు ఏ రంగు చద్దరు నేశారో చెప్పండి. పువ్వులదా, నెమలిదా, ఎన్ని నేశారు, దారం ఎన్నిసార్లు తెగింది. పిల్లకు మీ పని మీద ఉన్నంత ఆసక్తి మీ సేటుకు కూడా లేదు.

మన మహారాష్ట్రలోనే తారాబాయి మోదక్ గారు 1945లో బోర్డీలో చిన్నపిల్లల బడి పెట్టారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ వాకిట్లోకి తీసుకెళ్ళారు. ఆమె పని నుంచి వచ్చిన అంగన్‌వాడీ ఆలోచన తర్వాత దేశమంతా పాకింది. అంగన్ అంటే వాకిలి. మన సంఘాల దగ్గర అంతకంటే పెద్ద వాకిళ్ళున్నాయి. కల్యాణ మండపాలున్నాయి, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో ఖాళీగా తాళాలు వేసి ఉంటాయి. సాంచెల పేటల్లో చప్పుడు లేని గది ఒకటి దొరకడం ఎంత కష్టమో మాకు తెలుసు. ఒక్క గది పొద్దున రెండు గంటలు చిన్నపిల్లలకూ, వాళ్ళను ఎత్తుకొచ్చే నాయనమ్మలకూ తెరిచి ఉంచమని ప్రతి శాఖనూ అడుగుతున్నాం. టీచర్ లేకపోయినా ఫరవాలేదు, ఒక చాప, నాలుగు గిన్నెలు, చెప్పడానికి కథలున్న ఇద్దరు ముసలమ్మలు చాలు. రెండో కోరిక, జయంతులకు మనం పెట్టే ఆరోగ్య శిబిరాల్లో బీపీ, షుగర్, కళ్ళతో పాటు మూడేళ్ళలోపు పిల్లలకు చెవి పరీక్ష కూడా చేర్చమని. ఈ రెండూ తీర్మానంగా రాసి కార్యదర్శిగారికి ఇచ్చాం.

భోజనాల తర్వాత మేము ముగ్గురం మండపం వెనక ఉన్న గదిలో కూర్చుంటాం. పిల్ల మాట మీద ఏ అనుమానం ఉన్నా ఎత్తుకొని రండి. మా దగ్గర ఒక గిలక్కాయ, ఒక స్టీలు గిన్నె, చెంచా ఉన్నాయి. దాంతో జబ్బు తేల్చలేం, ఏ ఊళ్ళో ఏ ఆసుపత్రికి పోవాలో మాత్రం రాసి ఇస్తాం. మేము అప్పుడు "ఆగండి" అని పంపించిన ఆ తల్లి కూడా మాతోపాటు వచ్చింది, ఆ గదిలోనే ఉంటుంది. డాక్టరు దగ్గరికి పోవాలంటే భయపడేవాళ్ళు ముందు ఆమెతో మాట్లాడండి.